అత్తయ్య మాటలు, డాక్టరుగారి వరస

అత్తయ్యా, డాక్టరుగారూ విడిపోయింది చల్లారిన టీ గొడవతో కాదు. పోయిన శనివారం క్రెయిగీబర్న్ సబర్బ్‌లో డాక్టరుగారి సన్మానానికి వెళితే, యాంకరమ్మ మళ్ళీ అదే ఎత్తుకుంది. "విక్టోరియా రాణి టైమ్‌లో లండన్‌లో కామిక్ ఆపెరాలు రాసిన జంట తివాచీ కోసం కొట్లాడుకున్నారంట, మన అంకుల్, ఆంటీ టీ కోసం! సో క్యూట్ కదా!" హాలంతా నవ్వింది.

ఆ ఆంటీ మా మేనత్త. తెలుగు టీచరుగా రిటైరై, ఈ దేశానికి నా దగ్గరికి వచ్చేసింది. ఆ లండన్ జంట రాసిన పాటల హాస్య నాటకాలు ఇక్కడి సబర్బ్ హాళ్ళలో చూసి మోజుపడ్డ డాక్టరుగారు, తెలుగులోనూ అలాంటివి వేద్దామన్నారు. మాటలు ఆవిడవి, సంగీతం ఆయనది. ఒక గదిలో కూర్చోబెడితే యుద్ధమే. "మీ హార్మోనియం కాస్త నోరు మూసుకుంటే నా మాటలు వినబడతాయండీ" అనేది అత్తయ్య. అందుకని కాగితాలు నేనే మోసేదాన్ని. అత్తయ్య ప్రతి పాటా, బెండకాయలు తరుగుతూ, తనదైన ఓ వరసలో కూనిరాగం తీస్తూ అల్లేది. అది మాత్రం ఆయనకి చెప్పకూడదు. "నాది వింటే ఆయనకిక వేరేది తోచదే. ఆయన్నే వెతుక్కోనీ."

మూడో నాటకంలో, ఏ చెత్త ఏ రంగు మూత బిన్‌లో వెయ్యాలో కౌన్సిల్ ఆఫీసరు వీధంతటికీ క్లాసు పీకే పాట ఒకటుంది. దానికి వరస కుదరక డాక్టరుగారు వారాల తరబడి తల పట్టుకున్నారు. చూడలేక నోరు జారాను. అత్తయ్య వరసలో రెండు చరణాలు కూనిరాగం తీశాను.

"మళ్ళీ అనమ్మా" అన్నారు. అన్నాను.

నాటకం రోజున ఆ పాట రెండుసార్లు పాడించుకున్నారు జనం. "ఈ ట్యూన్ నాకు కారు నడుపుతుంటే తట్టింది" అన్నారాయన మైకులో. పక్కనే కూర్చున్న అత్తయ్య నావైపు చూడలేదు, చప్పట్లు కొట్టింది. నాలుగో నాటకానికి కాగితాలు అడిగితే "కళ్ళు కనబడటం లేదని చెప్పు" అంది, కళ్ళజోడు కూడా లేకుండా వారపత్రిక చదువుకుంటూ. అంతే, జంట ముగిసింది. టీ ఊసే లేదు.

పోయిన శనివారం సన్మానంలోనూ అదే పాట, అదే కారు కథ. భోజనాల దగ్గర పట్టుకుని అడిగాను. "అంకుల్, ఆ వరస ఎవరిది?"

"ఏ వరసమ్మా?" అంటూ సమోసా చట్నీలో ముంచుకున్నారు.

ఆ ముంచడం చూశాక నా ప్లేటు ముట్టలేకపోయాను. ఆయన మీద ఎంత రోతో, మోసుకెళ్ళి ఇచ్చిన నామీదా అంతే. అత్తయ్య పోయింది, ఏళ్ళు గడిచి అబద్ధానికే సన్మానం దక్కింది. అడగాల్సినప్పుడు అడగలేదు గానీ, ఆ రోజు ఆవిడ చప్పట్లు కొట్టింది ఆయనకా, తన వరసకా?