నీలం గోళ్ళు

మాది ఎమ్మిగనూరులో నూలుకు రంగులద్దే ఇల్లు. సెలవులకు పోతే నేనూ రంగుతొట్టిలో చేతులు పెట్టేదాన్ని. హైదరాబాదులో నా పరిశోధనకు తిరిగొచ్చేసరికి గోళ్ళు నీలంగా ఉండేవి. "ముందు చేతులు కడుక్కుని రామ్మా," అనేవారు మా ప్రొఫెసర్, అందరి ముందూ.

అవి ఎనభైలు. బతికున్న కణంలోకి ఒక రంగు పంపి, మైక్రోస్కోపు కింద దాని మీద అతినీలలోహిత కాంతి వేసేవాళ్ళం. బయటి నుంచి హార్మోను కబురు తెస్తే కణంలో కాల్షియం పెరగాలి, ఆ కాల్షియాన్ని పట్టుకుని రంగు మరింత వెలగాలి.

మొదటిసారి నేను రంగు దండిగా వేశాను. "రంగు కాడ పీనాసితనం సేస్తే నూలు ఎలిసిపోతాది" అనే మా నాయన మాట వింటూ పెరిగినదాన్ని మరి. కణం నిండుగా మెరిసింది కానీ, హార్మోను వేసినా ఆ మెరుపులో మార్పు లేదు. పెరిగిన కాస్త కాల్షియాన్నీ నేను పోసిన అంత రంగూ పంచుకుని మింగేసింది, తేడా కంటికి ఆనలేదు.

"అద్దకం బుద్ధి ఎక్కడికి పోతుంది!" అన్నారు ప్రొఫెసర్. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. పొరపాటు నాదైతే మధ్యలో మా ఇల్లెందుకు?

మర్నాడు రంగు బాగా తగ్గించాను. కణం ఉందో లేదో అన్నట్టు మిణుకుమంది. హార్మోను చుక్క పడగానే వెలుగు ఒక్కసారిగా పెరిగింది. ప్రొఫెసర్ వంగి చూసి "భేష్" అన్నారు. తల ఎత్తగానే నా వేళ్ళు కనిపించాయి. "ఇంకా కడుక్కోలేదా?"

అక్కడ ఆచితూచి పుస్తకాల తెలుగు మాట్లాడే నేను, ఆ రోజు మా ఊరి తెలుగులోనే చెప్పాను.

"కడిగితే పోయే రంగు మా ఇంట్లో ఎయ్యరు సార్."