వియ్యాలవారికి ఎన్ని కుండలు?

ఆ రోజుల్లో మా నందిగామ తాలూకాలో కల్లు ముట్టినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఎవర్నడిగినా ఆ మాటే చెప్పేవారు. మద్యనిషేధం వచ్చి పదేళ్ళు దాటింది. పాలేరు వాగు దాటి, నిషేధం లేని కోదాడ వైపు వెళ్తే కల్లు పాకలు పట్టపగలే నడిచేవి గానీ, ఇవతల మేమంతా మజ్జిగ తాగి బుద్ధిగా బతుకుతున్నాం. నేనైతే ఈ సంగతి అక్షరాలా నమ్మాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బియ్యెస్సీ ఎలాగో గట్టెక్కి, నందిగామలో ఒక బళ్ళో లెక్కల మాస్టారుగా కొత్తగా చేరాను. (లెక్కకు లొంగనిది ఈ లోకంలో ఏదీ లేదని కూడా అప్పట్లో నమ్మేవాణ్ణి. ఆ జబ్బు పెళ్ళయ్యాక తగ్గింది.)

అలాంటి నాకు చిల్లకల్లు నుంచి మా మేనమామ కబురు పెట్టాడు. ఆయన కూతురికి కోదాడ అవతలి సంబంధం కుదిరేటట్టుంది. (ఆవిడ నాకంటే రెండేళ్ళు పెద్ద. కాబట్టి నాకు వదిన, నేను పోటీలో లేను.) వచ్చే ఆదివారం మగపిల్లవాడి తరపువాళ్ళు మాట ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు. వాళ్ళ వైపు కల్లు లేనిదే శుభకార్యం జరగదనీ, ఇంతకుముందు ఎవరింట్లోనో మర్యాద తక్కువైందని విస్తళ్ళ ముందునుంచి లేచిపోయారనీ మధ్యవర్తి చెవిలో ఊది వెళ్ళాడు. ఇక మామయ్యకు నిద్ర లేదు. కాఫీ సైతం వేడి చేస్తుందని మానేసిన మనిషాయన.

"ఒరేయ్ అబ్బాయ్, ఎక్కువ తెచ్చామో, సాయంత్రానికి పులిసి ఊరంతా కంపు కొడుతుంది. ప్రొహిబిషనోళ్ళొచ్చి నన్ను జీపెక్కిస్తారు. తక్కువ తెచ్చామో, వియ్యాలవారు బండెక్కుతారు. సరిగ్గా ఎంత కావాలో లెక్కేసి చెప్పు. నీ చదువు ఇందుక్కాకపోతే ఇంకెందుక్కూ?" అన్నాడు.

పెరట్లోకి వెళ్తే వదిన పట్టుకుంది. "రెండు సంబంధాలు మా నాన్న నోటి మూలంగానే తప్పిపోయినయ్. ఈ అబ్బాయి నాకు నచ్చాడ్రా. నీ లెక్క తప్పిందా, చెవులు కోసి చేతిలో పెడతా" అంది. అనడం నవ్వుతూనే అంది గానీ, కళ్ళల్లో నవ్వు లేదు. నాకు భయం వేసింది.

వచ్చేది ముప్ఫైమంది మగవాళ్ళు. మనిషికి ఎంత? నేను కల్లుకుండను దూరంనుంచి చూసినవాణ్ణే తప్ప దాని మర్మం తెలిసినవాణ్ణి కాను. మామయ్య వాళ్ళ చిన్నాన్నను, అంటే మా చిన్నతాతను అడిగాను. "రామ రామ! నేను ముట్టి ఎరగన్రా" అని చెంపలు వేసుకున్నాడు. ఆ వెంటనే, "కాకపోతే చీకటితో దించిందయితే మనిషికి రెండు ముంతలు. ఎండెక్కినాక ఒకటిన్నర చాలు. పక్కన కారం శనగలు పెట్టావనుకో, మూడేసుకో. పోతుతాటిదయితే మాత్రం తొందరగా తలకెక్కుద్ది, చూసి పొయ్యాల" అన్నాడు. ఇంకో నలుగురు పెద్దమనుషులను అడిగాను. వాళ్ళూ ముట్టనివాళ్ళే. వాళ్ళూ ఇంతే వివరంగా చెప్పారు. ముట్టనివాళ్ళకు ఇంత శాస్త్రం ఎలా వంటబట్టిందన్న అనుమానం నాకు చీమంత కూడా కలగలేదు. సగటు తీశాను. ముసలివాళ్ళకు తగ్గించాను, కుర్రవాళ్ళకు పెంచాను, ఒలికిపోయేదానికి కొంత కలిపాను.

"మరి మనవాళ్ళకో?" అన్నాను.

"మనవాళ్ళెవరూ ముట్టరుగా!" అన్నాడు మామయ్య.

నిజమే కదా అని మనవాళ్ళ కింద సున్నా వేసుకున్నాను. మొత్తం ఆరు కుండలని తేలింది.

ఆదివారం పొద్దున్నే పచ్చిగడ్డి కింద దాక్కుని ఆరు కుండలూ పాలేరు దాటి వచ్చేశాయి. గొడ్లసావిడిలో ఒక మూల పెట్టించి పైన గోనెలు కప్పించాను. ఆ సావిడిలోనే మామయ్య గేదె అంతకు వారం కిందట ఈనింది. చుట్టాలు ఒక్కొక్కరే వస్తున్నారు. వచ్చినవాడల్లా, "గేదె ఈనిందటగా, దూడను చూసొస్తా" అని సావిడిలోకి వెళ్ళడమే. వెళ్ళినవాళ్ళు కొంతసేపటికి మహా ప్రసన్నంగా బయటికి వస్తున్నారు. కొందరు దూడను రెండోసారి, మూడోసారి కూడా చూశారు. మనవాళ్ళకు పశువుల మీద ఎంత ప్రేమ! అని నా గుండె పొంగిపోయింది. (చదువుకున్నవాడి తెలివి ఇలాగే ఉంటుంది.)

మధ్యాహ్నానికి మగపెళ్ళివారి బండ్లు వచ్చాయి. భోజనాలు బాగా జరిగాయి. పెళ్ళికొడుకు తండ్రి నిండైన మనిషి, తెల్లటి మీసాలు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఇగ కల్లు ముంత తెప్పియ్యి బావా. అందరికేం వద్దు. ఆడపిల్లోళ్ళ ఇంట్ల తాగి తూలొద్దని మావోళ్ళకు ముందే చెప్పిన. మనిద్దరం ఒక్క ముంత పంచుకుంటే మాట ఖాయమైనట్టే" అన్నాడు.

మామయ్య నాకు సైగ చేశాడు. నేను దర్జాగా సావిడిలోకి వెళ్ళి గోనెలు తీశాను. మొదటి కుండ ఖాళీ. రెండోదీ అంతే. ఆరో కుండను తలకిందులు చేస్తే ఒక ఈగ పడింది. తిరిగి వచ్చి మామయ్య చెవిలో చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. వదిన తలుపు చాటునుంచి నన్నే చూస్తోంది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు చల్లబడుతుంది.

"మా వైపు నిషేధం కదండీ... దొరకలేదండీ..." అని మామయ్య నసుగుతుండగా చిన్నతాత సావిడి వెనకనుంచి తూలుకుంటూ వచ్చి, పెళ్ళికొడుకు తండ్రిని గట్టిగా కావిలించుకున్నాడు. "నాయనా! మా గేదె బంగారం నాయనా! అట్టాంటి గేదె ఇంక పుట్టదు" అని బావురుమన్నాడు.

మీసాలాయన చిన్నతాతను మెల్లగా అరుగు మీద కూర్చోబెట్టి నా వైపు తిరిగాడు.

"ఎన్ని కుండలు తెచ్చినవు బిడ్డా?"

"ఆరండి."

"ఎవరికి?"

"మీకండి."

"మరి మీవోళ్ళకు?"

"మావాళ్ళు ముట్టరండి."

ఆయన నా మొహం చూశాడు, అరుగు మీదున్న చిన్నతాతను చూశాడు. ఇక ఆగలేక కళ్ళవెంట నీళ్ళు కారేటట్టు నవ్వాడు. "మాకు దినాం దొరికేదే కద బిడ్డా, మాకేం తొందర? పదేండ్ల సంది ఎండినోళ్ళు వీళ్ళు!" అన్నాడు. తర్వాత ఒక మనిషిని బండి దగ్గరికి పంపి సొరకాయ బుర్ర తెప్పించాడు. "మీ దిక్కు బందు అని మాకెరుకే. మీకు ఇబ్బంది గావొద్దని మేమే ఇంత తెచ్చుకున్నం."

ముంత నింపి, సగం తాగి మామయ్యకు అందించాడు. మా చుట్టాలందరిలో నిజంగా ఏనాడూ ముట్టనివాడు మామయ్య ఒక్కడే. ఆయన ముంతను చూశాడు, తలుపు వైపు ఒకసారి చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ఆముదం తాగినట్టు గటగటా తాగేశాడు. తాగి తుమ్మాడు. అందరూ నవ్వారు. తలుపు చాటున వదిన మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ సంబంధం ఖాయమైంది. వాళ్ళు చల్లగా కాపురం చేశారు.

ఇప్పటికీ ఎవరింట్లోనైనా విందుకు ఏది ఎంత తేవాలని తర్జనభర్జన పడుతుంటే నాకు ఆ కుర్ర మాస్టారు గుర్తొస్తాడు. ముప్ఫైమందికి అంత పకడ్బందీగా లెక్క కట్టాడు గానీ, కావలసింది ఒక్క ముంతేననీ, అదీ కూతురి కోసం ఒక తండ్రి కళ్ళు మూసుకుని తాగవలసిందనీ ఊహించలేకపోయాడు పాపం. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పెద్దమనుషులు 'ముట్టం' అంటే నిజంగానే ముట్టరని నమ్మగలిగిన ఆ వయసు మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.