ఒట్టు లేని మాట

నా చిన్నప్పుడు మా కేసముద్రంలో జరిగిన ముచ్చట ఇది. మొదలుపెట్టే ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పిల్లి ఎదురైతే పులి అని చెప్పే రకాన్ని. కాబట్టి కింద కనిపించే కొలతలన్నీ సగానికి సగం తగ్గించుకుని చదవండి.

నాకప్పుడు పదేళ్లు. మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాలో కొడకండ్ల జట్టుకూ మా జట్టుకూ వాలీబాల్ పోటీ. గెలిచినవాళ్లకు పొట్టేలు. ఆ పొట్టేలు దున్నపోతంత ఉండేది. అది తుమ్మితే స్టేషన్లో గార్డు పచ్చజెండా ఊపేవాడు. పత్తి బోరాల మీద, లారీల టాపుల మీద, ట్రాక్టరు ట్రాలీల్లో ఎక్కడ చూసినా జనమే. మా ఊళ్లో ఉన్నవాళ్లకంటే చూడ్డానికి వచ్చిన మా ఊరివాళ్లే ఎక్కువ.

మా జట్టు కెప్టెన్ మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు. వల దగ్గర కాపలా మా పక్కింటి అన్నది. అన్న యార్డులో హమాలీ. క్వింటాలు బోరాను చెవి వెనక బీడీ పెట్టుకున్నంత తేలిగ్గా ఎత్తుకునేవాడు. గాల్లోకి ఎగిరితే, అతను కిందికి దిగేలోపు ఒక గూడ్సు బండి దాటిపోయేది. వాళ్లింటిల్లిపాదీ క్రైస్తవులు. ఆదివారం పొద్దున తెల్లచొక్కా తొడుక్కుని, నల్ల అట్ట పుస్తకం చంకలో పెట్టుకుని చర్చికి పోయేవాడు. ఇక నాది లైను మీద నిలబడే ఉద్యోగం. బంతి లోపల పడిందో బయట పడిందో ఎర్ర తువ్వాల ఊపి చెప్పాలి. ఆ ఉద్యోగం మా చిన్నబాపే ఇప్పించాడు. ఎందుకు ఇప్పించాడో మీకు తెలిసే ఉంటుంది.

మా ఆటల్లో ఒక కాయిదా ఉండేది. తగాదా వస్తే బంతి మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యాలి. ఒట్టు వేసినవాడి మాటే చెల్లుతుంది. ఎదుటివాడు కూడా వేస్తే ఆ బంతి మళ్లీ ఆడాలి. అంపైరుగా నిలబడే మా బడి డ్రిల్లు సారు, కళ్లను నమ్ముకోవడం మానేసి చాన్నాళ్లయింది. ఒట్లనే నమ్ముకునేవాడు.

పొద్దుగూకుతోంది. పాయింట్లు సమానం. ఇదే ఆఖరి బంతి, ఎవరిదైతే పొట్టేలు వాళ్లదేనని రెండు జట్లూ ఒప్పుకున్నాయి. కొడకండ్లవాడు ఒకడు లేచి పిడుగులాంటి దెబ్బ కొట్టాడు. అన్న రెండు చేతులూ ఎత్తి ఎగిరాడు. బంతి అతని చిటికెన వేలిని గీసుకుంటూ వచ్చి, నా ముందే లైను బయట పడింది. వేలికి ముట్టకుండా పడితే ఆట మాది. ముట్టి పడితే వాళ్లది.

ముట్టడం నేను చూశాను. వేలు వెనక్కి వంగడం కూడా చూశాను. చూసి, తువ్వాల గిరగిరా తిప్పి, "ఔట్! ముట్టలే! అమ్మతోడు!" అని అరిచాను. ఎవరూ అడగకముందే ఉరికి బంతి మీద చెయ్యి కూడా పెట్టాను.

మావాళ్లు పొట్టేలు తాడు విప్పుతుండగా అన్న చెయ్యెత్తాడు.

"సారూ, ముట్టింది. నా వేలికే ముట్టింది."

యార్డంతా అతని వైపే తిరిగింది. ఎడ్లు కూడా నెమరు ఆపి చూశాయి.

"ఏందిరా నువ్వు? వాళ్లు సుత అడగలే, నీకేం తొందర?" అన్నాడు మా చిన్నబాపు.

"అడగకుంటే ముట్టనట్టా అన్నా?"

డ్రిల్లు సారు పరేషాన్ అయ్యాడు. "పొల్లగాడు ఒట్టేసిండు. నువ్వు సుత ఎయ్యి, మళ్ల ఆడిపిస్త."

"నేను ఒట్టెయ్య సారూ. ఎయ్యొద్దని మా ప్రభువు చెప్పిండు. ఔనంటే ఔను, కాదంటే కాదు. గంతే."

కాయిదా ప్రకారం నా అబద్ధానికి ఒట్టుంది, అతని నిజానికి లేదు. పొట్టేలు మాదే అయ్యేలా ఉంది. అయినా మావాళ్ల కోపం చల్లారలేదు.

"మీ దేవుడు గిసొంటి పొట్టేలు ఇస్తడారా?" అని లారీ టాపు మీంచి ఎవడో అరిచాడు.

"ఇయ్యడు. నేను అడగలే."

"చర్చికి పోవట్టి ఊరికే ఎదురు తిరిగినవ్ గదరా!"

"ఊరినేమన్న అన్ననా? ముట్టిందన్న."

అంతమంది మీద పడి అరుస్తుంటే అతను చేతులు కట్టుకుని, గడ్డం దించకుండా నిలబడ్డాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెంప పగిలిందనే అనుకున్నాను.

"చిన్నోడా, ఒట్టు పక్కకు పెట్టు. అమ్మను తియ్యకు. బంతి కింద పెట్టు. నా మొఖం జూసి ఉత్తగ చెప్పు. ముట్టిందా, ముట్టలేదా?"

పదేళ్లకే నేను పదివేల అబద్ధాలు ఆడి ఉంటాను. ప్రతిదానికీ అమ్మనో, సరస్వతినో, భూమితల్లినో ఊతకర్రగా ఇచ్చేవాణ్ని. ఉత్తగా ఆడిన అబద్ధం ఒక్కటీ లేదని ఆ క్షణంలోనే తెలిసింది. నోరు తెరిచాను. ముట్టలేదన్న మాట గొంతుదాకా వచ్చి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క, మళ్లీ లోపలికి జారిపోయింది.

"ముట్టింది," అన్నాను.

కొడకండ్ల కెప్టెన్ వల కింద నుంచి దూరి వచ్చి అన్నను గుండెలకు హత్తుకున్నాడు. పొట్టేలు వాళ్లదైంది. నేను ఇంటికి ఉరికాను. మా చిన్నబాపు దెబ్బలకు భయపడి కాదు. అమ్మతోడని అబద్ధమాడాను కదా, అమ్మ బతికుందో లేదోనని. ఇంటికి చేరేసరికి అమ్మ రోట్లో పచ్చడి నూరుతోంది. కావలించుకుని ఏడ్చాను, ఎందుకో చెప్పాను. విన్న తర్వాత ఆమె ఎంత ఆరోగ్యంగా ఉందో నా వీపుకు తెలిసింది.

నేను చర్చి గడప తొక్కలేదు, మా దేవుళ్లు మాకున్నారు. కానీ అన్నకు ప్రభువు చెప్పిన ఆ మాటను మాత్రం అడక్కుండానే తెచ్చేసుకున్నాను. ఆనాటి నుంచి ఒట్టు వెయ్యలేదు. పంచాయితీల్లో కర్పూరం వెలిగించి పిల్లల మీద ఒట్టెయ్యమంటారు. వెయ్యనంటాను. నాలాంటి కోతలరాయుడు ఒట్టు లేకుండా మాట్లాడితే ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే పోనీ.

ఇప్పుడు అసలు ఒప్పుకోలు. పొట్టేలు సంగతి మీరే తగ్గించుకుని ఉంటారు. కొడకండ్ల కెప్టెన్ హత్తుకోవడం మాత్రం పూర్తిగా నా కల్పన. ఎవరూ హత్తుకోలేదు. వాళ్లు పొట్టేలును ట్రాలీ ఎక్కించుకుని పోయారు. మావాళ్లు ఏడాది పాటు అన్నను జట్టులోకి రానివ్వలేదు. అయినా అతను రోజూ సాయంత్రం పని దిగి వచ్చి లైను పక్కన నిలబడేవాడు. "తప్పైందని ఒక్క మాట అను, రేపట్నుంచి ఆడు," అనేవాడు మా చిన్నబాపు. "ముట్టింది అన్నా," అనేవాడు అతను. కోపంగా కాదు, బతిమాలుతూ కాదు.

ఆ సాయంత్రాలన్నీ నేను అతనికి నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. ఒక్కరోజూ అతని తరఫున నోరు విప్పలేదు. నేను చెయ్యాల్సిన పని కొడకండ్లవాడి చేత చేయించి ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. ఇక చాలు. అప్పుడున్నవాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, తగ్గించుకోకుండా వినండి. తప్పు అతనిది కాదు. మనది.