ఆకు రూములో పన్నెండు సీసాలు

మా పాప హేమ రికార్డు బుక్కులో నా పేరు ఎక్కింది. ఏ గడిలో ఎక్కిందో ఆఖర్న చెప్తాను. ముందే చెప్తే మీరు టీ పక్కన పెట్టి నవ్వుతారు. నాకింకా నవ్వు రావడం లేదు.

మాది పుంగనూరు పక్కన పల్లె. ఇరవై ఏండ్లుగా పట్టుపురుగులు మేపుతున్నాం. ఇంటి వెనకాల షెడ్డు, షెడ్డు ముందర చిన్న ఆకు రూము. కోసిన మల్బరీ ఆకు వాడిపోకుండా అక్కడ తడి గోనెపట్టల కింద పెడతాం. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది.

పురుగు మేపేవాళ్లకు దొంగల భయం తక్కువ. ఊజీ ఈగ అంటేనే భయం. అది పట్టుపురుగు మీద గుడ్డు పెట్టిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగును లోపల్నుంచి తినేస్తుంది. అందుకే మా షెడ్డుకు రెండు తలుపులు, రెండింటికీ సన్న వల. ఈగ కనబడితే నేను ఆలోచించను. చెయ్యి ముందు లేస్తుంది.

మొన్న ఆదివారం పొద్దున. పురుగులు ఆఖరి పొర విడిచి మంచి ఆకలి మీద ఉన్నాయి. ఆకు కోసం రూములోకి పోయి మూలనున్న గోనెపట్ట ఎత్తినాను.

పన్నెండు సీసాలు. మూతులకు దూది. అడుగున గంజి మాదిరి ఏదో. గంజిలో తెల్లటి పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. వాటిపైన ఈగలు.

గోనెపట్ట అక్కడే పడేసినాను.

సీసాల మీద చీటీలు ఉన్నాయి. చదవలేదు. కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఊజీ పిల్ల వడ్లగింజంత ఉంటుంది, ఇవి నువ్వుగింజంత కూడా లేవు. ఇరవై ఏండ్ల అనుభవం నాది. ఆ తేడా కంటికి ఆనలేదు. ఎవరో కక్ష కట్టి మా షెడ్డులో ఊజీ పెట్టిపోయినారు అనుకున్నాను. ఎవరో అని కూడా కాదు. రెడ్డెప్పే అనుకున్నాను.

రెడ్డెప్పది మా పక్క చేను. టమాటా పెడతాడు. ఆయన కొట్టే మందు గాలికి మా మల్బరీ మీద పడుతుంది, ఆ ఆకు తింటే పురుగు చచ్చిపోతుంది. ఎనిమిదేండ్లుగా ఇదే గొడవ మాకు.

సీసాలన్నీ తట్టలో పెట్టుకొని గట్టు దాటినాను. ఆయన అప్పుడే మందు పంపు భుజానికి తగిలించుకుంటున్నాడు. తట్ట ఆయన కాళ్ల ముందర దించినాను.

"ఇదేందప్పా? నా షెడ్డులో యాల పెట్టినావు?"

వంగి చూసినాడు. ముఖం తెల్లబోయింది.

"నా బిడ్డల మీద ఒట్టు అక్కా. నీ షెడ్డులో నాకేం పని? అంత అనుమానం ఉంటే సెప్పు, ఈడనే సంపేస్తా సూడు."

"కొట్టప్పా" అన్నాను.

ఎనిమిదేండ్లలో ఆయన మందు కొడతానంటే నేను సరే అనడం అదే మొదలు. ఎంత సంతోషంగా కొట్టినాడో. దూది తీయడం, నాజిలు లోపలికి దూర్చడం, తుస్సుమనిపించడం, మళ్లీ దూది పెట్టడం. నేను పక్కనే నిలబడి, దానికింకొంచెం, దీనికింకొంచెం అని పురమాయించినాను.

గెలిచినదాని మాదిరి ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పినాను. కాఫీ లోటా నోటి దగ్గర ఆగిపోయింది.

"అవి పాప తెచ్చినవి కదా" అన్నాడు.

హేమ కుప్పంలో ఎమ్మెస్సీ చదువుతోంది. హాస్టలు రిపేరు పనులకని వారం మూసినారంట. ముందురోజు మధ్యాహ్నం నేను ఆకు కోతకు పోయినప్పుడు వచ్చింది. ఇవి పండ్ల మీద వాలే చిన్న ఈగలు, పట్టుపురుగు జోలికి పోవు, చల్లగా ఉండాలని ఆకు రూములో పెడుతున్నా, అమ్మకు చెప్పు అని నాన్నకు చెప్పి, స్నేహితురాలిని చూడ్డానికి మదనపల్లె పోయింది. బిడ్డ వచ్చిపోయిన సంగతే నాకు తెలీదు. యాల చెప్పలేదంటే, నువ్వు అడగలేదు కదా అన్నాడాయన.

హేమకు ఫోన్ చేసినాను. ఏం చెప్పాలో తెలీక, ఎప్పుడొస్తావు అన్నాను.

"బస్సులో ఉండాను మా. నా సీసాలు బాగుండాయా?"

ఫోన్ పెట్టేసినాను.

అది వచ్చినాక చెయ్యి పట్టుకొని గట్టు మీదికి తీసుకుపోయి అంతా చెప్పినాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తట్ట పక్కన కూర్చునింది. దానికన్నా ఏడ్చుంటే బాగుండేది.

మెల్లగా చెప్పింది. నాలుగు సీసాలు పుంగనూరు ఈగలు, నాలుగు కుప్పంవి, నాలుగు మదనపల్లె టమాటా మండీవి. మండీలో పారేసే కాయల మీద మందు ఉంటుంది. అది తిని చాలా ఈగలు చచ్చిపోతాయి. చావని ఒకటీ రెండూ పిల్లలు పెడతాయి, ఆ పిల్లలకూ ఆ గట్టితనం వస్తుంది. అట్లా తరాలు తరాలు గడిచి మండీ ఈగ మొండిదై ఉంటుందని కాలేజీవాళ్ల లెక్క. పట్టుపురుగులో గట్టి జాతిని మనుషులు ఏరి గుడ్లు పెట్టిస్తారు. మండీలో ఏరింది మందన్నమాట. మందే లేని చోట పెంచితే ఆ గుణం రక్తంలో నిలుస్తుందా, పోతుందా? అది చూడాలని కాలేజీలో చేరినప్పటి నుంచి వాటిని పెంచుతోంది. ఈగలో రెండు వారాలకొక తరం. వచ్చే వారం ల్యాబులో కొలిచి మందు పెట్టి చూడాల్సింది.

"ఇన్ని తరాలు మందు వాసన కూడా తగలనీలేదు మా."

నేను నేల చూసినాను. రెడ్డెప్ప కూడా పంపు దించి వచ్చి నేల చూస్తున్నాడు.

హేమ ఒక్కో సీసా ఎత్తి వెలుగులో పెట్టింది. పుంగనూరువి నాలుగింట్లోనూ ఏదీ కదల్లేదు. కుప్పంవీ అంతే. మదనపల్లె సీసా ఎత్తింది. నేను కళ్లు మూసుకున్నాను.

"మా, సూడు."

ఒక ఈగ గాజు మీద పైకి నడుస్తోంది. దాని వెనక ఇంకొకటి. మూడోది కాళ్లు తుడుచుకుంటోంది, అన్నం తిని చెయ్యి కడుక్కున్నట్టు.

రెడ్డెప్ప సీసా లాక్కొని ముక్కు ఆనించి చూసినాడు. "మూడేండ్లుగా ఇదే మందు కొడతాండా. ఈగ కూడా సావదా?" అన్నాడు. ఆ పూట పాపం ఆయన ముఖమే చూడలేకపోయినాం.

హేమ వాళ్ల సారుకు ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడంట. తర్వాత ఒక్కటే అడిగినాడంట, మోతాదు ఎంత అని. హేమ నన్ను చూసింది. నేను రెడ్డెప్పను చూసినాను. రెడ్డెప్ప పంపును చూసినాడు.

"అక్క సాలనే దాకా" అన్నాడు.

కొలత లేదు కాబట్టి ఇది పరీక్ష కిందికి రాదన్నాడంట సారు. బతికినవాటి పిల్లలతో మళ్లీ సరిగ్గా చెయ్యొచ్చు, పుంగనూరువీ కుప్పంవీ కొత్తగా పట్టుకో, జరిగింది జరిగినట్టు రికార్డులో రాయి అన్నాడంట. హేమ అప్పుడు ఊపిరి వదిలింది. నేనూ.

పుంగనూరు ఈగలు పట్టే పని నాకే పడింది. ఈగ కనబడితే లేచే చెయ్యి, ఇప్పుడు సీసాలో మగ్గిన అరటిపండు పెట్టి రండి రండి అని పిలుస్తోంది. షెడ్డుకూ, రెడ్డెప్ప మందుకూ చాలా దూరంలో.

సాయంత్రం హేమ రికార్డు రాస్తుంటే కళ్లద్దాలు పెట్టుకొని పక్కన కూర్చున్నాను. పొద్దున పెట్టుకోవాల్సినవి. గీతలు గీసి గడులు వేసింది. ఊరు, బతికినవి, చావుకు కారణం.

పుంగనూరు. బతికినవి సున్న. చావుకు కారణం: అమ్మ.

కుప్పం. బతికినవి సున్న. చావుకు కారణం: అమ్మ.

మందు అని రాయొచ్చు కదా అన్నాను. జరిగింది జరిగినట్టు రాయమన్నాడు సారు అనింది.

మదనపల్లె. బతికినవి ఇరవై మూడు. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది. ఆలోచించి రాసింది: అమ్మను తట్టుకున్నవి.