మా చిన్నాయిన ఎడమ చెయ్యి

నా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన కొత్తల, నేను ఐదో తరగతి చదువుతున్నప్పుడు, మా చిన్నాయినను గుడ్డెలుగు చీరింది. అమ్రాబాద్ దిక్కు మా ఊరికి అడవి ఎంతో దూరం లేదు. గొర్లను ఇంటికి తోలుకొస్తుంటే పొదలల్ల నుంచి మీద పడ్డది. మొఖం సగం చీల్చింది, కుడి చెయ్యి నమిలింది. పట్నం దవాఖానల ఆ చెయ్యిని మోచేతి కాడికి తీసేసిండ్రు. పానంతోని వచ్చిండు, అదే చాలనుకున్నం.

ఏడాదికి ఆయనకు వికలాంగుల పింఛను మొదలైంది. ఇగ ఇంటిపట్టున ఉండమని అందరూ చెప్తే కొన్ని నెలలు ఉన్నడు. ఆ నెలలు మా ఇంట్ల మంచిగ గడవలే. అన్నం ముద్ద ఎడమ చేతికి లొంగకపోతే పళ్లెం గోడకేసి కొట్టేటోడు. ఒకనాడు అడ్డమొచ్చిన మా చిన్నమ్మను కాలితోని తన్నిండు. ఆమె పడిపోయి, లేచి, పళ్లెం తీసుకపోయి కడిగింది. ఆయన చాలాసేపు తన కాలి దిక్కే చూసుకుంట కూసున్నడు. తెల్లారి కూలికి పెట్టిన కాపరిని మానిపిచ్చి, గొర్ల దొడ్డి తడిక తానే తీసిండు.

పనికి పోతే పింఛను ఆపేస్తరేమోనని చిన్నమ్మకు ఫికర్. పంచాయతీ కార్యదర్శిని అడిగితే, గొర్లు కాసుకున్నందుకు ఎవరూ ఆపరని చెప్పిండు.

మా వాడ చివరింటాయనకు మాత్రం అది మింగుడు పడలే. ఆయన బిడ్డ నా తరగతే. పుట్టుకతోనే ఒక కాలు వంకర, గోడ పట్టుకొని నడిచేది. వికలాంగుల సర్టిఫికెట్లు ఇచ్చే క్యాంపుకు రెండుసార్లు తీసుకపోయినా, వైకల్యం శాతం చాలదని ఇయ్యలే. ఒకనాడు పొద్దుగాల చాయ్ హోటల్ ముంగట మా గొర్లకు అడ్డం నిలబడి, రోజూ అడవికి పోయి గొర్లు కాసేటోనికి పింఛనెందుకని చిన్నాయినను నిలదీసిండు.

"పింఛను పోయిన చేతికి ఇచ్చిండ్రన్నా. ఉన్న చేతితోని కాస్తున్న," అన్నడు మా చిన్నాయిన.

ఆ మాటకు ఆయన, మా చిన్నాయిన మెడల తువ్వాలు పట్టి గుంజి కింద పడేసిండు. కడుపుల తన్నిండు. తెగిన చేతి మీద తన్నిండు. బడికి పోతున్న నేను సంచి పట్టుకొని అట్లనే నిలబడ్డ. నలుగురొచ్చి విడిపించేసరికి చిన్నాయిన నోట్లకెల్లి నెత్తురు కారుతున్నది.

ఆ పగ నేను బడికి మోసుకపోయిన. ఇంటర్వెల్‌ల ఆ పిల్ల నల్లా కాడ వంగి నీళ్లు తాగుతుంటే కంకర రాయి తీసుకొని పక్కకు పోయి నిలబడ్డ. తల ఎత్తంగనే మొఖం మీద కొట్టిన. కనుబొమ్మ పగిలింది. కింద పడ్డ పిల్ల మీదికి మళ్లీ రాయి లేపిన. పంతులమ్మ ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. నిజం చెప్తున్న, ఆ నెత్తురు చూసి అప్పుడు నాకు సంతోషమైంది.

కబురందుకొని చిన్నాయిన వచ్చిండు. పెదవి వాచి ఉన్నది. పంతులమ్మ చెప్పింది విన్నడు, నా దిక్కు చూడలే. తువ్వాలు ఆ పిల్ల తలకు చుట్టిపిచ్చి, ఆమెను ఎడమ చంకకు ఎత్తుకొని, నన్ను వెనుక రమ్మని దవాఖానకు నడిచిండు.

దవాఖాన మెట్ల కాడ ఆమె తండ్రి ఎదురొచ్చిండు. చేతిల కట్టె. నెత్తురు కారుతున్న బిడ్డ మా చిన్నాయిన చంకల ఉండేసరికి, పొద్దటి పగ పిల్ల మీద తీర్చుకున్నడనుకున్నడు. భుజం మీద, వీపు మీద, కట్టె ఇరిగేదాక కొట్టిండు. చిన్నాయినకు ఉన్నది ఒక్క చెయ్యి. దాన్ని అడ్డం పెట్టుకోవాలంటే పిల్లను వదలాలె. వదల్లే. ఆమెకు దెబ్బ తగలకుండ పక్కకు తిరిగి వీపు ఇచ్చి నిలబడ్డడు. కొట్టింది నేనని చెప్పలే. ఆ పిల్ల కూడ నా పేరు చెప్పలే. "బాపూ, చిన్నాయిన కాదు," అని మాత్రం ఏడ్చింది.

"నేనే కొట్టిన," అన్న. రెండోసారి అంటే వినబడ్డది.

ఆయన ఇరిగిన కట్టె నా మీదికి లేపిండు. చిన్నాయిన మధ్యలకు వచ్చిండు.

"పొద్దుగాల నువ్వు నన్ను కొట్టినవు. అది చూసి ఇది నీ బిడ్డను కొట్టింది. ఇప్పుడు నువ్వు దీన్ని కొడితే, రేపు మా ఇంట్లకెల్లి ఎవరు లేస్తరో నాకెరుక లేదు. ముందు కుట్లు వేపిద్దాం. బిడ్డను పట్టుకో అన్నా."

ఆయన కట్టె ఇడిచిపెట్టి బిడ్డను అందుకున్నడు. అందుకొని మెట్ల మీద కూలబడి ఏడ్చిండు.

నాలుగు కుట్లు పడ్డయి. చిన్నాయిన నన్ను తిట్టలే, కొట్టలే. కుట్లు వేస్తున్నంతసేపు ఆ పిల్ల చెయ్యి పట్టుకొమ్మన్నడు, అంతే. సూది దిగినప్పుడల్లా ఆమె గోర్లు నా అరచేతిల దిగినయి.

తర్వాత చిన్నాయిన వాళ్లతోని క్యాంపుకు పోయిండు. ఈసారి డాక్టరు ఎక్స్‌రే తీయిచ్చి చూసి సర్టిఫికెట్ రాసిండు. అయినా చిన్నాయిన, ఆ పిల్ల తండ్రి మనసు విప్పి మాట్లాడుకోంగ నేనెన్నడూ చూడలే. ఆ పిల్ల ఇప్పుడు మండలంల జిరాక్స్ దుకాణం నడుపుతున్నది, పింఛను తీసుకుంటనే.

నేను అంగన్‌వాడీల పనిచేస్తున్న. పిల్లలు కొట్టుకుంటే, కొట్టినోణ్ని ముందు మందలించను. దెబ్బ తిన్నోని చెయ్యి పట్టుకొని కూసోమంట, ఏడుపు ఆగేదాక. నా కోపమైతే ఇంకా పోలేదు. పిడికిలి బిగిసినప్పుడల్లా అరచేతిల ఆ గోర్లు దిగినట్టే ఉంటది. మెల్లగ విప్పుకుంట.