బస్సులో నాకొచ్చిన అమ్మోరు

నన్ను చూసి ఒక బస్సు జనమంతా చెనిక్కాయ చేలో పడి పరిగెత్తినారంటే నమ్ముతారా? నమ్మాల్సిందే! అంతకంటే గొప్ప సంగతి ఏందంటే, వాళ్ళతోపాటు నేనూ పరిగెత్తినా. ఎవర్ని చూసి పరిగెత్తతాండామో మటుకు నాకు తెలీదు!

నవ్వేది తర్వాత నవ్వుదురు గానీ, కూర్చోండప్పా. చాయ్ చల్లారిపోతాది, తాగతా వినండి. పది పన్నెండు దినాల కింద ఆదివారం జరిగింది ఇది.

ఊర్లో మశూచి భయం ఎట్లుండాదో మీకు నేను చెప్పల్లనా? మొదట ప్రొద్దుటూరు పక్క ఎవరికో పోసిందన్నారు. తర్వాత పెన్న అవతల రెండు ఊర్లన్నారు. ఆ తర్వాత మన జమ్మలమడుగుకే వచ్చె. మా వెనక వీధిలో మగ్గం నేసే ఓబులేసు ఇంట్లో ఇద్దరు పడకేసినారు, ఒకరే లేచినారు. ఇంక ఆ దినం నుంచి ప్రతి గుమ్మానికీ వేపమండలే. ఇంటికి చుట్టాలొస్తే గడప బయటే నిలబెట్టి "అందరూ బాగుండారా?" అని అడిగి, అట్లనే పంపించేస్తాండారు. మా ఇస్కూల్లో బెంచీలు సగం ఖాళీ.

నేను డ్రాయింగు అయ్యవారిని కదా, హెల్తు ఇన్‌స్పెక్టరు మా హెడ్‌మాస్టరును అడిగి నాకొక పని పెట్టినాడు. "అమ్మలారా! అయ్యలారా! భయపడవద్దు! టీకా వేయించుకొనండి!" అని పెద్ద పెద్ద ఎర్రక్షరాలతో పోస్టర్లు రాయాల. రాసినా. శానా బాగా రాసినా. "భయపడవద్దు" అనే మాట కింద రెండు గీతలు కూడా గీసినా.

అయితే ఒక చిన్న సంగతి. నేను టీకా వేయించుకోలేదు.

ఈ తూరే కాదు, అసలు పుట్టినప్పటి నుంచీ లేదు. నా చిన్నప్పుడు టీకాలాయన ఊర్లోకొస్తే మాయమ్మ నన్ను జొన్నల గాదెలో దాచిపెట్టేది. ఇప్పుడు ముప్పై నాలుగేండ్లొచ్చె, దాచిపెట్టేదానికి మాయమ్మ లేదు, నా అంతట నేనే దాంకుంటా వచ్చినా! ఆ టీకా పనిముట్టును చూసినారు కదా? చిన్న బిళ్ళకు ముండ్లున్నట్ల ఉంటాది. చేతిమీద పెట్టి గిర్రున తిప్పుతారు.

నా పెండ్లాం రాజమ్మ పిల్లోళ్ళిద్దరినీ తీసకపోయి వేయించింది, తానూ వేయించుకుంది. ఆ ఆదివారం పొద్దున కూడా సంగటి ముద్ద పెడతా మొదలుపెట్టె.

"ఊరందరికీ రాసి పంచేది నువ్వు. నీ చేతికి మటుకు లేదు."

"బొమ్మలేసే చేయి వాస్తే ఎట్లమే?" అన్నా.

"ఎడమ చేతికి వేయించుకో."

"ఎడమ చేత్తో రంగుల గిన్నె పట్టుకోవాల!"

ఆయమ్మ సంగటి గిన్నె ఎత్తుకుని విసురుగా లోపలికి పోయె. అట్ల పోతే అదొక భయం. పోస్టర్ల చుట్ట చంకలో పెట్టుకుని బిరబిరా బస్సు దగ్గరికి వచ్చేసినా.

పోస్టర్లు పులివెందులకు తీసకపోయి, ఆడ టీకాలు ఏ చోట వేస్తారో అడిగి అడుగున రాసిచ్చి, మా అక్క ఇంట్లో మధ్యాన్నం అన్నం తిని తిరిగొచ్చేయల్ల. ఇదీ నా లెక్క. ఆడ రాసేదానికని ఒక కుంచె, సీసాడు ఎర్ర ఇంకు గోనెపట్ట సంచిలో వేసుకున్నా. సీసాకు బిరడా లేకపోతే కాగితం ముక్క చుట్టి దోపినా. తెలివి చూడండి!

ముద్దనూరు దాటినాక ఎండ ఎక్కింది. బస్సు ఊయల మాదిరి ఊపుతాంది. సంచి ఒడిలో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి, దానిమీద చెంప ఆనించి కునుకు తీసినా. ఆ ఊపుకు కాగితం ముక్క ఊడింది. సీసా ఒరిగింది. గోనెపట్ట నేత సందుల్లోంచి ఇంకు చుక్క చుక్కగా బయటికొచ్చి, చెంపమీద, నుదుటిమీద, మోచేతులమీద దిగింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను గుర్రు పెడతాండా.

ఒకటే కేక!

"అమ్మోరు! ఓయమ్మో, బస్సులో అమ్మోరుండాది!"

ఎదురు సీటులో మనవరాలిని ఒడిలో పెట్టుకుని ఒక అవ్వ కూర్చోని ఉండె. ఆయమ్మ కేక అది. డ్రైవరు బ్రేకు కొట్టినాడు. నేను కండ్లు తెరిచేసరికి జనం తలుపులోంచి, కిటికీల్లోంచి, ఎట్ల పడితే అట్ల దూకుతాండారు. నిద్రమబ్బులో నాకు ఒకటే అర్థమైంది. ఈ బస్సులో ఎవరికో మశూచి ఉండాది, నాకు టీకా లేదు!

ఇంక చూస్కోండి. పోస్టర్లు యాడివాడ పారేసి దూకినా. ఇస్కూల్లో ఎప్పుడూ పందెం గెలవనోన్ని, ఆ దినం గెలిచినా. చెనిక్కాయ చేలో అందర్నీ దాటేసి పోతాండా. నేను ఎటు పోతే జనం ఇంకో పక్కకి చీలతాండారు. నాకు బేజారు పుట్టె. ఒంటరిగా ఉంటే భయం కదా, మళ్ళీ వాళ్ళ దగ్గరికే పరిగెత్తినా.

"ఎవరికప్పా? యాడుండాడు ఆ మనిషి?" అని అరస్తా ఒక లావుపాటి రెడ్డి వెంట పడినా. ఆయప్ప పరిగెత్తలేక నిలబడిపోయి, రెండు చేతులూ జోడించినాడు.

"దండం పెడతా తల్లీ! నా దగ్గరికి రావద్దు తల్లీ!"

తల్లీ అంటాడేంది? నా వెనక ఎవరో ఆడమనిషి ఉండాదని తిరిగి చూసినా. ఎవరూ లేరు. ఈయప్పకు భయంతో మతి పోయిందనుకున్నా.

అంతలో ఆ అవ్వ మనవరాలిని ఎవరికో ఇచ్చి, గట్టుమీది వేపచెట్టు మండ ఒకటి తుంచుకుని మెల్లగా నా ముందరికి వచ్చె. వెనకనుంచి జనం వద్దు వద్దని అరస్తాండారు. అయినా వచ్చె. మండను నా కాళ్ళ ముందర పెట్టి, "చల్లగా చూడు తల్లీ. మా ఇంట్లో ఆ పిల్ల ఒక్కటే మిగిలింది. దాని జోలికి రావద్దు" అనింది.

అప్పుడు చూసుకున్నా చేతులు. మోచేయిదాకా ఎర్రెర్రని చుక్కలు! ముఖం తడుముకుంటే తడి!

ఆడనే చతికిలబడినా. ఒళ్ళంతా కాలిపోతాంది. నడుము నొప్పి, తలనొప్పి, అన్నీ ఒకేసారి వచ్చేసినాయి. ఇప్పుడు నవ్వుతాండారు గానీ, అప్పుడు నాకు ఓబులేసు ఇల్లే కండ్ల ముందర ఆడింది. పొద్దున మా రాజమ్మ విసురుగా లోపలికి పోయింది గుర్తొచ్చింది. దూరంగా నిలబడిన కండక్టరును పిలిచి, "అప్పా, జమ్మలమడుగులో డ్రాయింగు అయ్యవారి ఇంట్లో చెప్పు. ఆయమ్మను, పిల్లోళ్ళను నా దగ్గరికి రావద్దను. ఆమె చెప్పిందే నిజమను" అన్నా. కండక్టరు కండ్లు తుడుచుకున్నాడు. కానీ అడుగు ముందుకెయ్యలే.

ముందుకొచ్చింది ఒక్కడే. ప్రొద్దుటూరు నుంచి గాజుల మూట తెచ్చుకున్న ఖాసిం సాబు. ముసలాయన, ముఖమంతా పాత మశూచి గుంటలు. ఒక చేతిలో చెంబు, భుజం మీద తెల్ల టవలు.

"రావద్దు సాబూ!" అన్నా.

"నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది అయ్యవారూ. నన్ను మళ్ళీ ముట్టుకోదు. నీళ్ళు తాగండి" అని నా పక్కనే కూర్చున్నాడు. నా తల తన భుజానికి ఆనించుకుని, టవలు తడిపి చెంప మీద మెల్లగా అద్దినాడు. అద్ది, టవలును చూసినాడు. మళ్ళీ అద్దినాడు. ఈసారి గట్టిగా రుద్దినాడు.

"అరె, అయ్యవారూ! మీ అమ్మోరు నా టవలుకు వచ్చేసింది!"

తెల్ల టవలంతా ఎరుపు! వాసన చూసినాడు. "ఇంకు ఇది! ఇస్కూలు ఇంకు!"

నాకు జ్వరం ఆ క్షణమే దిగిపోయింది. నడుము నొప్పి ఏమైందో తెలీదు.

ఇంక జనం మీదికొచ్చినారు. రెడ్డి చెప్పు ఒకటి యాడో తెగిపోయిందంట, తిడతానే ఉండాడు. కండక్టరు బస్సులోనుంచి సంచి, పోస్టర్లు తెచ్చినాడు. ఒకటి విప్పి గట్టిగా చదివినాడు. "భయపడవద్దు! టీకా వేయించుకొనండి!" అందరూ నా పక్క చూసినారు. అవ్వే అడిగింది.

"నువ్వు వేయించుకున్యావా నాయనా?"

అంత పరుగు తీసినోన్ని ఇంకేం అబద్ధమాడేది? "లేదవ్వా. భయం" అన్నా.

ఆ రెడ్డి పక్కున నవ్వినాడు. ఆయన నవ్వితే అందరూ నవ్వినారు. "నాకూ లేదప్పా" అని రెడ్డి. "మాకూ లేదు" అని వెనకనుంచి ఇంకెవరో. చూస్తే బస్సులో సగం మంది నా మాదిరోళ్ళే!

ఖాసిం సాబు టవలు పిండుకుంటా అన్నాడు. "మేము ఐదుగురం పుట్టినాం. నేనొక్కన్నే ఉండా. ఆ పొద్దు టీకా మా ఊరికి రాలేదు. ఇప్పుడు మీ ఊరికొస్తే మీరు చేలల్లో పరిగెత్తతాండారు."

కోపంగా అనలేదు. గాజుల మూట సర్దుకుంటా మామూలుగా అన్నాడు. అదే శానా తగిలింది.

డ్రైవరు ఇంక యాడా ఆపలేదు. పులివెందులలో నేరుగా ఆస్పత్రి ముందర టీకాల పందిరి దగ్గరే నిలిపినాడు. ఆడి ఇన్‌స్పెక్టరు ఒక్కడే కూర్చోని ఈగలు తోలుకుంటాండాడు. పొద్దుటినుంచి ఒక్కరు రాలేదంట. ఒకేసారి బస్సు జనమంతా దిగి వరసలో నిలబడేసరికి ఆయన కుర్చీలోంచి లేచేసినాడు. మొట్టమొదట నన్ను తోసినారు. గిర్రుమని తిప్పినాడు. "అమ్మా!" అని అరిచినా. నా తర్వాత అవ్వ మనవరాలు. నాలుగేండ్ల పిల్ల. నోరెత్తలేదు. నన్నే చూస్తా, "అయిపోయిందిలే మామా" అనింది!

మధ్యాన్నం అక్క ఇంట్లో అన్నం తింటా ఈ కతంతా చెప్పినా, సాయంత్రం ఇంటికొచ్చి రాజమ్మకూ చెప్పినా. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, మధ్యలో ఒకసారి ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. చేయి వాచి నిజం జ్వరమే వస్తే మూడు దినాలు గంజి తాపింది.

నిన్న మా అక్క దగ్గరనుంచి కార్డొచ్చింది. వాళ్ళ వీధిలో అందరూ టీకాలు వేయించుకున్నారంట, కొత్తగా ఎవరూ పడకేయలేదంట. సంతోషమే. కానీ అడ్రసు చూడండి ఎట్ల రాసిందో: "అమ్మోరి అయ్యవారికి, జమ్మలమడుగు." నా పేరు లేదు, వీధి లేదు, ఇస్కూలు లేదు. పోస్టుమాన్ ఎవర్నీ అడగకుండా నేరుగా మా గడపలోకే వచ్చి, "అమ్మోరయ్యవారూ, జాబు!" అని కేకేసినాడు. నేనూ ఏం సిగ్గు లేకుండా, "ఆఁ, వస్తాండా!" అని పలికినా.