ఒత్తిడి తీసేసినా వెనక్కి రాని గాజు

గట్టిగా నొక్కితే గాజు శాశ్వతంగా మారిపోతుందని నాకు మొదట చెప్పింది మా అక్క కూతురు. పై ఊళ్లో గాజు మీద పరిశోధన చేస్తోంది. మొన్న సెలవుకి గన్నవరంలో విమానం దిగి, నేరుగా విజయవాడలో మా ఇంటికి వచ్చి, ఒక చిన్న గాజుముక్క నా అరచేతిలో పెట్టింది.

"దీన్ని ప్రెస్ మిషన్‌లో పెట్టి విపరీతంగా నొక్కాం పిన్నీ. లోపల అణువులు దగ్గరగా సర్దుకుపోయాయి. బరువు అదే, సైజు తగ్గింది."

"వదిలేస్తే దూదిలా మళ్లీ పొంగదా?" అన్నాను. నేను బడికి వెళ్లలేదు, ఇంట్లో నాన్న దగ్గర చదువుకున్నదాన్ని.

"ఇదేమన్నా నీ పరుపా! కొంతవరకూ అయితే వెనక్కి వస్తుంది. ఆ హద్దు దాటిందా, అలాగే ఉండిపోతుంది. మళ్లీ బాగా కాలిస్తేనే వదులవుతుంది."

చూడబోతే మామూలు గాజే. నా ధ్యాస మాత్రం దాన్ని నొక్కిన మిషన్ మీదికి పోయింది.

"అంత ఒత్తిడికి ఆ మిషనే పగిలితేనో?"

అది తల దించుకుంది. "పోయిన నెల పగిలింది పిన్నీ. అమ్మకి చెప్పకు."

ఏదో తేడా శబ్దం వినగానే అక్కడి మెకానిక్ "వెనక్కి రామ్మా!" అని మా పిల్లను లాగేసి, తాను అడ్డం నిలబడ్డాడట. దీనికి చిన్న గీత కూడా పడలేదు. ఆయనకు కుడి చెవి వినబడడం లేదు.

దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కాని సోమవారం నుంచి ఇద్దరూ మళ్లీ ఆ గదిలోనే పని చేయాలి. ఆయన పేరు అడగడం కూడా మరిచాను. మీరు మోకరించినప్పుడు ఆ మెకానిక్‌ను జ్ఞాపకం చేసుకోండి.